తిరిగి రావాల్సిన కాగితాలు

చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాలు విశ్వవిద్యాలయం గోడ దాటి జనం మధ్యకు రావాలన్న మాట తెలుగునాట కొత్తది కాదు. విశ్వవిద్యాలయాలు ఎవరికి వారుగా కాకుండా నెట్‌వర్క్‌గా చేరి ఆ పని కలిసి చేయాలన్నది మాత్రం ఇంకా సరిగ్గా చర్చకు రాని ఆలోచన. దాన్ని రెండు గొంతుల్లో పెట్టి పరీక్షించాలనిపించింది. ఒకరు జిల్లా గ్రంథాలయ సంస్థలో పనిచేసి రిటైరైన గ్రంథపాలకుడు, ఈ ఆలోచన మీద నమ్మకం లేని మనిషి. రెండోవారు చరిత్ర బోధించే ఆచార్యురాలు, నెట్‌వర్క్ కావాలనే మనిషి. ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్లే. వాళ్లు చూపే ఆధారాలు మాత్రం కల్పితాలు కావు. నా మొగ్గు ఆచార్యురాలి వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయినా గ్రంథపాలకుడి ఫిర్యాదుకు జవాబు చెప్పకుండా ఇలాంటిదేదీ నిలబడదు కాబట్టి మొదటి మాట ఆయనకే ఇస్తున్నాను.

గ్రంథపాలకుడు: అమ్మా, పండితులు జనం దగ్గరికి రావాలంటున్నారు. రాలేదని ఎవరన్నారు? రెండు వందల ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగారు. కరణాల దగ్గరున్న దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల కట్టలు చూసి కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు రాయించుకున్నారు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎంత మాన్యం ఉంది, ఏ దొరతనంలో ఏం జరిగింది, అన్నీ రాసుకున్నారు. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణను కంపెనీ కొనేసింది. కొంత లండన్ చేరింది, కొంత మద్రాసు చేరింది. కవిలె విప్పి చూపించిన ఊరికి ఏం చేరింది? ఇప్పటికీ వరస అదే. పరిశోధక విద్యార్థి వస్తాడు, పాత పత్రికల కట్టలు విప్పించుకుంటాడు, ఫోన్‌తో ఫొటోలు తీసుకుని వెళ్లిపోతాడు. కొన్నాళ్లకు ఆ సిద్ధాంత వ్యాసం శోధ్‌గంగ ఆన్‌లైన్ భాండాగారంలో ఎక్కుతుంది. బీరువా తాళం తీసి, దుమ్ము దులిపి, కట్ట చేతికిచ్చిన మనిషికి ఆ వ్యాసం పేరు కూడా తెలియదు. ఒక్కొక్కరు వచ్చి తీసుకెళ్తేనే ఇలా ఉంది. పది విశ్వవిద్యాలయాలు జట్టుకట్టి వస్తే మా దగ్గర ఇంకేం మిగులుతుంది?

ఆచార్యురాలు: మాస్టారూ, మీరు చెప్పింది నిజం, నేను కాదనను. కానీ ఆ కథను సగంలో ఆపారు. ఆ కైఫియత్తుల్లో కడప ప్రాంతానివి మళ్లీ కడపకే వచ్చాయి. ఎలా వచ్చాయో చూడండి. సి.పి.బ్రౌన్ ఒకప్పుడు నివసించిన బంగళా ఉన్న చోట ఆయన పేరు మీద గ్రంథాలయం ఉండాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, ఏళ్ల తరబడి తిరిగి విరాళాలు పోగుచేసి కట్టించారు. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఆ సంస్థను తన భాషా పరిశోధన కేంద్రంగా తీసుకుంది. ఆ కేంద్రమే కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. మద్రాసులో రాతప్రతులు భద్రంగా ఉన్నాయి, కడపలో వాటికోసం ఎదురుచూసే ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటి వెనక విశ్వవిద్యాలయం నిలబడింది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పుస్తకాలు వచ్చేవి కావు. నేను నెట్‌వర్క్ అంటున్నది దీన్నే. ఒక్క పరిశోధకుడు మీ దగ్గరికొస్తే ఆ బాకీ తీర్చడం అతని మనస్సాక్షికి వదిలేయాలి. సంస్థ వస్తే ఆ బాకీని రాసిపెట్టుకోవచ్చు, అడగొచ్చు. కడపకు జానమద్ది గారు దొరికారు. మిగతా జిల్లాల్లో అలాంటి మనిషి ఎప్పుడు పుడతాడా అని ఎదురుచూస్తూ కూర్చుందామా?

గ్రంథపాలకుడు: మీరు చెప్పిన ఉదాహరణలోనే నా మాట ఉంది. పని మొదలుపెట్టిన జానమద్ది గారు విశ్వవిద్యాలయం మనిషి కాదు. ఈ నేల మీద చదువు జనంలోకి వెళ్లిన రోజుల్లో విశ్వవిద్యాలయం ఆ దరిదాపుల్లోనే లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు విజ్ఞానచంద్రికా మండలి ప్రారంభించారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ సంఘం పుట్టింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది 1926లో! 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు సర్ది, కృష్ణా కాలువ మీద కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిప్పారు. కాలువ దారిన పోయేవాళ్లకు ప్రయాణమంతా చదువు వేళే అయింది. దానికి ఏ సెనేటు తీర్మానమూ అక్కర్లేకపోయింది. మరి విశ్వవిద్యాలయాలు చేసిందేమిటి? బోధన, పరిశోధనలతో పాటు విస్తరణ కూడా ఉన్నత విద్యకు మూడో బాధ్యత అని యూజీసీ 1977లోనే చెప్పింది. ఆ మూడోది ఏమైంది? శీతాకాలం సెలవుల్లో ఊళ్లో క్యాంపు, నాలుగు మొక్కలు నాటడం, బ్యానర్ ముందు నిలబడి ఫొటో. ఇప్పుడు నాక్ గుర్తింపు కోసం ఆ ఫొటోకు జియోట్యాగ్ కూడా కావాలి. రేపు మీ నెట్‌వర్క్ పుట్టినా ముందు పుట్టేది ఎంఓయూల ఫైలే.

ఆచార్యురాలు: మీరు చెప్పిన పేర్లలో ఒకదాని దగ్గర ఆగుదాం. లక్ష్మణరావు గారు ఎం.ఏ. చదివి, మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ గ్రంథాలయాలు పెట్టించారు, పుస్తకాలు వేయించారు, విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. పండితుడు, ప్రచురణకర్త, గ్రంథాలయ నిర్మాత ఒకే మనిషి! చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్ర 1910లో వచ్చినప్పుడు దాన్ని రాసినవాడు, అచ్చువేసినవాడు, చదివినవాడు ఒకే ఉద్యమంలో ఉన్నారు. ఆ తర్వాత జరిగిందే మన ఇద్దరి బాధకూ మూలం. పండితుడికి విశ్వవిద్యాలయంలో జీతం దొరికింది, సాటి పండితుల కోసం రాయడం మొదలుపెట్టాడు. గ్రంథాలయానికి 1960లో చట్టం వచ్చింది, ఆస్తిపన్ను మీద సెస్సు వచ్చింది, ఇప్పుడది రూపాయికి 8 పైసలు. రెండూ అవసరమైనవే, రెంటికోసమూ మన పెద్దలు పోరాడారు. కానీ ఒకరితో ఒకరికి పని లేకుండా పోయింది. మీకు కొత్త పుస్తకం రాసిచ్చే మనిషి దూరమయ్యాడు, మాకు చదివే మనిషి దూరమయ్యాడు. ఆ ఉద్యమకాలం గొప్పదని మీరు చెబుతున్నారు, నేనూ అదే చెబుతున్నాను. దాని గొప్పతనం విశ్వవిద్యాలయం లేకపోవడంలో లేదు, పండితుడూ పాఠకుడూ విడిపోకపోవడంలో ఉంది. ఇప్పుడు అన్నీ తెలిసిన ఒక్క లక్ష్మణరావు గారు దొరకరు. ఆయన ఒక్కడిగా చేసిన పనిని అనేక సంస్థలు పంచుకోవాలి.

విశ్వవిద్యాలయం జనం దగ్గర కూర్చుని పని చేసినప్పుడు ఏమొచ్చిందో కూడా చూడండి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి వచ్చింది, అంతా వ్యవసాయ పదాలు. నాగలినే తీసుకోండి. చేత్తో పట్టి అదిమేది మేడి, నేలను చీల్చేది కర్రు, ఎద్దుల మెడ మీద ఉండేది కాడి. మనం ఒక్క మాటతో సరిపెట్టుకునే వస్తువులో ఎన్ని భాగాలున్నాయో, ఒక్కో భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో రైతునే అడిగి రాసుకున్నారు. తర్వాత చేనేతకు విడిగా సంపుటి వచ్చింది. పడుగు, పేక, నాడె, ఆసు నేతగాడి నోటిలోంచే నిఘంటువులోకి వచ్చాయి. అక్కడ గురువు రైతు, రాసుకున్నవాడు భాషాశాస్త్రవేత్త. జనంతో కలిస్తే శాస్త్రం పలచబడుతుందని మా వాళ్లు కొందరు భయపడతారు. తెలుగు భాషాశాస్త్రంలో అంత గట్టి పని జనంతో కలవడం వల్లే జరిగింది.

గ్రంథపాలకుడు: ఆ కోశం రైతు ఇంటికి ఎప్పుడైనా చేరిందా అమ్మా? దాన్ని వేసిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీయే ఆ తర్వాత రద్దయి, 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. సరే, అది వదిలేయండి. మీరు చదివే మనిషి అంటున్నారు. ఆ మనిషి ఎవరో మీకు తెలుసా? పొద్దున్నే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రండి. గేటు తీయకముందే భుజాన సంచులతో పిల్లలు నిలబడి ఉంటారు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్లు. కుర్చీ దొరకదని కొందరు ఇంటి నుంచి చాప తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది ఫ్యాను, మంచినీళ్లు, ఫోన్ పెట్టుకునే ప్లగ్గు, ఆడపిల్లలకు తలుపు సరిగ్గా పడే మరుగుదొడ్డి. మీ మానవీయ శాస్త్రాల ఉపన్యాసం వినే తీరిక వాళ్లకు లేదు. వాళ్లక్కావలసింది బిట్లు.

ఆచార్యురాలు: మాస్టారూ, ఆ గేటు దగ్గర నిలబడినవాళ్లను మించి తెలుగులో చరిత్రను రోజూ గంటల తరబడి చదివే జనం ఇంకెక్కడున్నారు? తెలంగాణ గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం ఒక పూర్తి పేపరు. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2లో రాష్ట్ర సామాజిక, సాంస్కృతిక చరిత్ర తప్పనిసరి. తెలుగు అకాడమీ పుస్తకాన్ని అట్టలు ఊడిపోయేదాకా చదివే పాఠకులు వాళ్లు. జనానికి మానవీయ శాస్త్రాల మీద ఆసక్తి లేదని మేం సెమినార్లలో వాపోతుంటాం. ఆసక్తి కాకపోతే అవసరమే అనుకోండి, లక్షలాది మందిని ఆ అవసరం చరిత్ర పుస్తకం ముందు కూర్చోబెట్టింది. ఆ హాల్లో లేనిది మేమే.

బిట్టు అన్నారు కాబట్టి ఒక బిట్టునే తీసుకుందాం. శాతవాహన రాజులెంతమంది? జవాబు 30. ఆ 30 ఎక్కడిది? మత్స్యపురాణం లెక్క అది. వాయుపురాణంలో దొరికే పేర్లు అంతకంటే తక్కువ. 30 మంది నాలుగు శతాబ్దాలకు పైగా పాలించారంటే మొదటి రాజును ఎంతో వెనక్కి జరపాలి. తక్కువ మందే అంటే బాగా ముందుకు తేవాలి. చరిత్రకారులు ఈ రెంటి మధ్య దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఇంతలో కోటిలింగాల దగ్గర పొలాల్లో, గోదావరి ఒడ్డున స్థానికులు ఏరి పోగుచేసిన నాణేలు పి.వి.పరబ్రహ్మశాస్త్రి గారి చేతికొచ్చాయి. కొన్నింటి మీద ‘చిముక’ అన్న పేరును ఆయన చదివారు. పురాణాల్లో సింధుక, శిశుక అంటూ రకరకాలుగా చెదిరిపోయిన పేరు లోహం మీద దొరికింది. నాణెం విలువ తెలిసి దాచిపెట్టిన ఊరిమనిషి లేకపోతే చదివే పండితుడికి పని లేదు. పండితుడు లేకపోతే ఊరిమనిషి దగ్గరుండేది చిల్లు పడ్డ బిళ్లే. ఈ సంగతిని ఆ హాల్లో నలభై నిమిషాల్లో చెప్పొచ్చు. పిల్లలు 30 అని గుర్తుపెట్టుకుంటారు, పరీక్షలో అదే పెడతారు, పెట్టాలి కూడా. కానీ ఆ అంకె ఒక వాదనలోంచి వచ్చిందని తెలిసినవాడు, ప్రశ్న కాస్త తిప్పి అడిగినా తడబడడు. రేపు తహసీల్దారో టీచరో అయ్యాక ఊరి చివర పడున్న శాసనపు రాయిని చూసి ఆగుతాడు.

ఇది ఒక్క విశ్వవిద్యాలయం పని కాదని ఎందుకంటున్నానో కూడా ఇక్కడే తేలుతుంది. కోటిలింగాలకు దగ్గర్లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. ధాన్యకటకం, అమరావతి శిల్పం గురించి చెప్పాలంటే గుంటూరు వైపు నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. ఆ శిల్పాల్లో పెద్ద భాగం చెన్నై మ్యూజియంలో, లండన్‌లో ఉంది. 2014 తర్వాత ఈ నేల రెండు రాష్ట్రాలైంది. తెలుగు విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమీ రెండూ విభజన చట్టం పదో షెడ్యూలులో చేరి పంపకాల చిక్కుల్లో పడ్డాయి. శాతవాహనులకు సరిహద్దు గీయలేం కదా. కరీంనగర్‌లో ఒకరు తయారుచేసిన పాఠం, నాణేల బొమ్మలు గుంటూరు గ్రంథాలయంలో మరొకరి చేతిలో ఉండాలి. అమరావతి మీద గుంటూరువాళ్లు చేసిన పాఠం కరీంనగర్‌కు రావాలి. అందుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త డైరెక్టరేటూ అక్కర్లేదు. మీ హాలు ఉంది, మా మనిషి ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఒప్పందం కావాలి.

ఇక్కడ నా మాట ఒకటి కలుపుతాను. జనంలోకి వెళ్లడం అనగానే మన కళ్ల ముందు వేదిక, మైకు, శాలువా కదులుతాయి. వేదిక ఎక్కి చెప్పే మాటకు వినేవాడు కావాలి, వినేవాణ్ని పోగుచేయడమే పెద్ద పని అయిపోతుంది. అప్పటికే చదువుతున్నవాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడానికి అంత హడావుడి అక్కర్లేదు. ఈ వాదంలో నన్ను గట్టిగా పట్టుకున్నది ఈ విషయమే. పోటీ పరీక్షల హాలును చిన్నచూపు చూసే అలవాటు మన సాహిత్య, చరిత్ర శాఖల్లో చాలా ఉంది. పేదింటి పిల్లలు పుస్తకం ముందు కూర్చున్న చోటును పక్కన పెట్టి ‘ప్రజలు’ ఎక్కడున్నారని వెతకడం పెద్ద పొరపాటు.

గ్రంథపాలకుడు: హాలు మాట ఒప్పుకుంటాను. ఇంకో అడ్డంకి ఉంది. మీ అధ్యాపకులు ఎందుకొస్తారు? 2010లో యూజీసీ ప్రమోషన్లకు ఏపీఐ మార్కులు తెచ్చినప్పటి నుంచి మీకు లెక్కంతా పత్రికలో అచ్చయిన వ్యాసాలదే కదా. మా హాల్లో నలభై నిమిషాలు కూర్చుంటే ప్రమోషన్ వస్తుందా? పోనీ దీనికీ మార్కులు పెడితే, మార్కుల కోసమే వస్తారు. అసలు శాఖల్లో మనుషులేరి? రెండు రాష్ట్రాల్లోనూ అధ్యాపక పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉన్నాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ పిల్లల మీద శాఖలు నడుస్తున్నాయి. మీ నెట్‌వర్క్ బరువు చివరికి వాళ్ల నెత్తిమీదే పడుతుంది. మా దగ్గరా అంతే. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయవు. ఒక్క గ్రంథపాలకుడు రెండు మూడు శాఖా గ్రంథాలయాలు చూసుకోవాల్సి వస్తుంది.

ఆచార్యురాలు: ఖాళీల విషయంలో మీతో వాదించను. పోస్టులు నింపకుండా ఉన్నవాళ్ల మీదే ఈ పనీ వేస్తే అది అన్యాయం. నెట్‌వర్క్ అడగాల్సిన మొదటి కోరిక నియామకాలే, మీ సెస్సు బకాయిలే. పది విశ్వవిద్యాలయాలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు ఒకే గొంతుతో అడిగితే కాస్త బలం ఉంటుంది. మార్కుల సంగతి వేరు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాల పరిశోధనకు విలువకట్టేటప్పుడు సమాజం మీద దాని ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం ఇచ్చారు. దానివల్ల పని పెరిగింది. ప్రభావాన్ని కథగా అల్లి చూపించే ప్రత్యేక విద్యా పుట్టింది. మనం ఎన్ని సభలు పెట్టామని లెక్కపెట్టే దారి పట్టకూడదంటాను. ఒక గ్రంథాలయంలోని పాత పత్రికలకు వివరణతో కూడిన పట్టిక తయారుచేయడం, ఒక ఊరి కైఫియత్తును పరిష్కరించి అర్థాలతో ప్రచురించడం, ఒక వృత్తి పదాలు సేకరించడం, వీటిని పరిశోధనగానే లెక్కించమని అడగాలి. ఇవి పరిశోధనే కాబట్టి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేపుల మీద రికార్డు చేసి 1986లో మనకు తెలియని మన చరిత్రగా తెచ్చారు. ఆ జట్టులో కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు. ముందు తెలుగులో వచ్చింది, మూడేళ్లకు ఇంగ్లీషులోకి వెళ్లింది. మౌఖిక చరిత్ర గురించి మాట్లాడే ఎవరూ ఇవాళ దాన్ని దాటి పోలేరు. ఏ ప్రమోషన్ కోసమూ చేసిన పని కాదది. అలాంటి పని చేసినవాళ్లకు నష్టం జరగకుండా చూస్తే చాలు.

గ్రంథపాలకుడు: మాటలు రికార్డు చేస్తే తగాదాలూ వస్తాయి. ఊరి చరిత్ర అంటే కులాల చరిత్ర, భూముల చరిత్ర. ఫలానా చెరువు మా తాత తవ్వించాడంటే మా తాత అంటారు. మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరైనా పదిమందితో వచ్చి నిలబడితే మీ వైస్‌చాన్స్‌లర్ గారు వచ్చి నా పక్కన నిలబడతారా?

ఆచార్యురాలు: నిలబడతారని మాట ఇవ్వలేను. సంస్థలు మౌనంగా ఉండిపోవడం చూస్తూనే ఉన్నాం. ఇంతమాత్రం చెప్పగలను. ఒక్క గ్రంథపాలకుడి పేరుతో ఉన్న కాగితం మీదికి రావడం తేలిక. అదే కాగితం ఆరు గ్రంథాలయాల్లో, నాలుగు విశ్వవిద్యాలయాల్లో, ఎవరు ఏ ఆధారంతో ఏమంటున్నారో రాసి ఉంటే, వచ్చినవాళ్లకు మీ ఒక్కరితో తేలే పని ఉండదు. ఇద్దరు తాతల కథలూ పక్కపక్కనే అచ్చువేద్దాం. తేల్చలేనిదాన్ని తేలలేదనే రాద్దాం. భయం పూర్తిగా పోదు మాస్టారూ, ఒక్కరి మీదే పడకుండా చూడగలం.

గ్రంథపాలకుడు: అయితే నా షరతు వినండి. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ మేం రిజిస్టరులో ఎక్కిస్తాం. నంబరు, తేదీ, పేరు, రచయిత, ఎక్కడినుంచి వచ్చింది, వెల. వెళ్లినవాటికి మాత్రం రిజిస్టరు లేదు. అది ఒకటి తెరుస్తాను. ఎవరు ఏ కట్ట చూశారు, ఎన్ని పేజీలు ఫొటో తీశారు, ఏ విశ్వవిద్యాలయం, ఏ తేదీ. చివరి గడి ఖాళీగా ఉంచుతాను. ఆ పరిశోధన పూర్తయ్యాక దాని ప్రతి ఒకటి, ఇంగ్లీషులో ఉంటే తెలుగులో నాలుగు పేజీల సారాంశంతో, ఇదే గ్రంథాలయానికి చేరిన తేదీ ఆ గడిలో పడాలి. ఏడాదికోసారి ఆ రిజిస్టరు మీ నెట్‌వర్క్ సమావేశంలో చదవాలి. ఎవరి గడులు ఖాళీగా ఉన్నాయో ఆ విశ్వవిద్యాలయం పేరుతో సహా చదవాలి.

ఆచార్యురాలు: ఇంకో గడి కూడా గీయండి. ఆ ప్రతి ఇంకా ఏయే గ్రంథాలయాలకు వెళ్లిందో దాంట్లో రాద్దాం. పాత బాకీల సంగతేమిటి? ఇప్పటికే వెళ్లిపోయినవాళ్ల పేర్లు గుర్తున్నాయా?

గ్రంథపాలకుడు: సందర్శకుల పుస్తకంలో సంతకాలున్నాయి. చిరునామాలు సగమే రాశారు. వెతకడానికి ఇద్దరు విద్యార్థులను పంపండి, పాత పుస్తకాలు అటక మీంచి దింపి పెడతాను.